గడ్డి తీయని జాగా

ఆ కొండవాలు మీద బోద గడ్డి ఏనుగు నడిచినా కనపడనంత ఎత్తు పెరుగుతుంది. వాలు అడుగున ఇప్పచెట్ల తోపు, దాని పక్కన మనుషులు నడిచే కాలిబాట. ఒక పక్క వాగు, ఇంకో పక్క మొక్క మొలవని పెద్ద బండ. నెత్తిన రాళ్లగుట్ట. వానాకాలంలో, చలికాలంలో ఆ వాలు మీద బతికే జంతువులకు ఏ లోటూ ఉండదు. శివరాత్రి వెళ్లాక మాత్రం గడ్డి పచ్చదనం పోయి ఎండు చొప్పలా గలగలమంటుంది. అప్పటినుంచి తొలకరి పడేదాకా అక్కడ ఎవరికీ కంటినిండా నిద్ర ఉండదు.

ఎవరికీ అన్నానుగాని, అందరికంటే తక్కువ నిద్రపోయేది సూదమ్మ. సూదమ్మ ముళ్లపంది. వాలు నడుమ పుట్టల పక్కన లోతైన బొరియలో ఒంటరిగా ఉంటుంది. అంతకుముందు ఒంటరిది కాదు. ఒక వేసవిలో అడవి అంటుకున్నప్పుడు ఆమె దుంపలు తవ్వుకోవడానికి వాగు అవతలికి వెళ్లింది. బొరియ గుమ్మం నిండా ఎండుటాకులు పేరుకుని ఉన్నాయి. మంట లోపలికి పోలేదు, పొగ పోయింది. తిరిగొచ్చేసరికి మొగుడూ పిల్లలూ ఒకరి మీద ఒకరు తలలు పెట్టుకుని నిద్రపోతున్నట్టే ఉన్నారు.

ఆ రోజే ఆమె ఇంకొకటి కూడా చూసింది. అడవిపందులు గడ్డలకోసం ముట్టెలతో కుళ్లగించిన నేల దగ్గరకు వచ్చి మంట ఆగిపోయింది. అక్కడ దానికి తినడానికి ఏమీ దొరకలేదు. మట్టి అంచున కాసేపు చిటపటలాడి చల్లారిపోయింది.

అందుకే తర్వాతి యేడు గడ్డి పసుపు రంగు తిరగగానే సూదమ్మ అందరినీ వాగు ఒడ్డుకు పిలిచింది. అడవిపంది కోరయ్య తన మందతో వచ్చాడు. కౌజుపిట్టలు వచ్చాయి. కుందేలు దూదయ్య, అతని పెళ్లాం జాజి వచ్చారు. పిలవకపోయినా రాళ్లగుట్ట నుంచి నక్క గంగులు కూడా దిగి వచ్చి కాస్త ఎడంగా కూర్చున్నాడు.

"వాగు దగ్గరనుంచి బండ దాకా అడ్డంగా నేల గీకుదాం," అంది సూదమ్మ. "పెద్ద దుప్పి దూకినా దాటలేనంత వెడల్పు. అందులో ఒక్క గడ్డిపరక ఉండకూడదు. మంట ఎప్పుడూ కిందనుంచి పైకే ఎక్కుతుంది. ఆ మట్టి దగ్గర ఆగుతుంది. ఒకవేళ నిప్పురవ్వ ఎగిరి ఇవతల పడినా తట్టుకోవడానికి ఎవరి ఇంటి చుట్టూ వాళ్లు విడిగా శుభ్రం చేసుకోవాలి. గుమ్మంలో ఆకులుంటే ఊడ్చేయాలి."

"నా ముట్టెకి పనేగా, చేస్తాను. కానీ ఒక్కణ్ణే చెయ్యను," అన్నాడు కోరయ్య.

"ఒక్కడివే ఎందుకు? ఎవరి ఇంటి ముందు ముక్క వాళ్లది."

దూదయ్య చెవులు వెనక్కి వాల్చాడు. అతని పడక సరిగ్గా ఆ గీత పోయే దారిలో ఉంది. కుందేళ్లకు బొరియ ఉండదు కదా. గడ్డిదుబ్బు నడుమ ఒళ్లు పట్టేంత గుంటే ఇల్లు. పైగా జాజి ఈని కొద్ది రోజులే అయింది. ముగ్గురు పిల్లలు.

"పెద్దమ్మా, నీకేం, ఒంటినిండా ముళ్లు. కోరయ్యకి కోరలు. మాకున్నది ఆ గడ్డే. అది గీకేస్తే పైన తిరిగే గద్దకి నా పిల్లలు పళ్లెంలో పెట్టినట్టు కనపడతారు," అన్నాడు.

"నీ దుబ్బు నువ్వు ఉంచుకో నాయనా. దాని చుట్టూ తీద్దాం. నీ పడక నుంచి నా బొరియ దాకా భూమిలోంచి ఒక దారి తవ్విస్తాను. గద్ద వస్తే అందులో దూరండి, మంట వచ్చినా అందులోనే దూరండి."

జాజి ముఖం విప్పారింది. "అలా చేస్తే బాగానే ఉంటుంది కదండీ," అంది మొగుడితో.

దూదయ్య తల ఊపాడు. ఆ మాట మీద అందరూ లేచారు.

గంగులు మాత్రం లేవలేదు. అతను ఇంకో లెక్కలో ఉన్నాడు. రాళ్లగుట్టలో అతని గుహ నుంచి దూదయ్య దుబ్బు దాకా ఒత్తుగా పెరిగిన గడ్డి ఒకే పాయగా దిగుతుంది. ఆ పాయలో పడుకుని పాకుతూ వస్తే తోక కొస కూడా బయటికి కనపడదు. కౌజులను పట్టినా, పిల్ల కుందేళ్లను పట్టినా అతను పట్టేది ఆ దారినే. గుహలో పెళ్లాం పైడి, కళ్లు తెరిచీ తెరవని పిల్లలు ఆకలితో ఉన్నారు. ఆ గీత గీస్తే దాని మీద అడుగు పెట్టగానే కౌజులన్నీ కేక పెడతాయి.

మర్నాడు పొద్దున్నే అతను దూదయ్య దగ్గరకు వెళ్లాడు. దూరంగానే ఆగి, ఎంతో మర్యాదగా ముందరి కాళ్లు చాపి కూర్చున్నాడు.

"భయపడకు బావా. కడుపు నిండి వచ్చాను. నీ మంచి కోరి ఒక మాట చెప్పి పోతాను."

"అక్కడినుంచే చెప్పు."

"ఆ ముసలామె తవ్విస్తానన్న దారి గురించి రాత్రంతా ఆలోచించాను. నేలలో కన్నం ఉంటే అందులో కుందేళ్లే దూరతాయా? ఎండాకాలం చల్లదనం కోసం నాగుపాము ఎక్కడికి పోతుంది? నువ్వు మేతకి వెళ్లాక మా చెల్లెలు పిల్లలతో ఒంటరిగా ఉంటుందే!"

దూదయ్య ఒళ్లు జలదరించింది. ఆ సంగతి అతనికి తట్టలేదు.

"ఇంకోటి. గడ్డి అంటే నీకు దుప్పటి బావా. చలికి దుప్పటి తీసి పారేస్తారా ఎవరైనా? మంట వస్తుందో రాదో దేవుడికెరుక. గద్ద మాత్రం రోజూ వస్తుంది."

"మరి మంట వస్తే?"

"నేనున్నాను కదా! మా ఇల్లే గుట్ట నెత్తిన. అక్కడినుంచి కిందున్న తోపంతా కనపడుతుంది. పొగ లేచిందంటే ఒక్క ఊళ వేస్తాను. నీ కాళ్లకున్న పరుగు ఎవరికుంది? ఊళ వినగానే పిల్లల్ని తోలుకుని వాగు దాటేయవచ్చు. దానికి ఇంత నేల గీకాలా?"

మాట చాలా తియ్యగా ఉంది. పని లేదు, భయం లేదు. మధ్యాహ్నం సూదమ్మ, కోరయ్య మంద నేల గీక్కుంటూ దుబ్బు దాకా వచ్చేసరికి దూదయ్య అడ్డంగా నిలబడ్డాడు.

"మా ముక్క వదిలెయ్యండి. ఆ భూమిలోపలి దారి కూడా మాకొద్దు."

"నిన్న ఒప్పుకున్నావు కదయ్యా!" అన్నాడు కోరయ్య.

"నిన్న తెలియలేదు. ఇవాళ తెలిసింది."

"ఎవరు తెలియజెప్పారు?" అని అడిగింది సూదమ్మ. గడ్డి పాయ వైపు చూసింది. "నక్క వచ్చి వెళ్లాడా?"

"ఎవరొస్తే నీకెందుకు?"

"దూదయ్యా, వాడు నీ గడ్డిని ఎందుకు కాపాడుతున్నాడో ఒక్కసారి ఆలోచించు. నీ మీద ప్రేమా?"

లోపల జాజి గొంతు వినపడింది. "పెద్దమ్మ చెప్పేది వినండి."

పెళ్లాం కూడా అలా అనేసరికి దూదయ్యకు పౌరుషం పొడుచుకొచ్చింది. నోటికొచ్చిన మాట అనేశాడు. "నీ పిల్లలు కాలిపోయారని అందరి పిల్లలూ కాలిపోతారనుకుంటావేం? నీకు ఎటు చూసినా మంటే కనపడుతుంది. నీ ఏడుపు నా గుమ్మంలో ఏడవకు."

పందులు కూడా కదలకుండా నిలబడిపోయాయి. సూదమ్మ వీపు మీది ముళ్లు లేచి, నెమ్మదిగా మళ్లీ పడిపోయాయి. ఆమె దుబ్బు చుట్టూ తిరిగి అవతలి వైపుకు వెళ్లి మళ్లీ గీకడం మొదలుపెట్టింది.

"అక్కా, ఆ ముక్క వాడు పడుకున్నాక నేను కుళ్లగించేస్తాను. ఎంతసేపు పని?" అన్నాడు కోరయ్య.

"వద్దు. వాళ్ల గుమ్మం, వాళ్ల ఇష్టం," అంది ఆమె. ఆ మాటలో ఎంత కోపం ఉందో ఆమెకు కూడా అప్పుడు తెలియలేదు.

గీత పూర్తయింది. వాగు నుంచి బండ దాకా ఎర్రటి మట్టి చార. మధ్యలో దూదయ్య దుబ్బు దగ్గర మాత్రం తెగింది. అక్కడ గడ్డి కింది వాలునూ పై వాలునూ కలుపుతూ అలాగే నిలబడి ఉంది.

రాళ్లగుట్టలో పైడి కూడా అదంతా చూసింది. మొగుడు రాగానే అడిగింది.

"కిందవాళ్లందరూ ఇళ్ల ముందు గడ్డి తీసుకుంటున్నారు. మన గుమ్మం ముందు కూడా తీయరాదా? పరుపు కోసం తెచ్చిన ఎండుగడ్డి కూడా బయటే ఉంది."

"మనం ఉన్నది రాళ్లలోనే పిచ్చిదానా. రాయి ఎక్కడైనా కాలుతుందా?" అని నవ్వి గంగులు పిల్లల పక్కన వాలాడు.

ఎండలు ముదిరాయి. వాగు సన్నబడి మడుగులు మిగిలాయి. గంగులు అన్న మాట ప్రకారం మొదట్లో గుట్ట మీద కూర్చునేవాడు. కానీ పిల్లలకు ఆకలి పెరుగుతోంది. చుట్టూ నేల గీకేయడంతో కౌజులు దొరకడం లేదు. మిగిలింది దూదయ్య పాయ ఒక్కటే.

ఆ రోజు మధ్యాహ్నం గాలి పశ్చిమం నుంచి కొడుతోంది. తోపులో ఇప్పపూలు రాలే కాలం. పూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాల్చిన మంటో, బాటన పోయేవాడు విసిరిన బీడీ ముక్కో, ఎవరికీ తెలియదు. పొగ లేచింది.

గుట్ట మీద ఎవరూ లేరు. గంగులు గడ్డి పాయలో పొట్ట నేలకి ఆనించి దూదయ్య దుబ్బు వైపు పాకుతున్నాడు. దూదయ్య మేతకు వాగు వైపు వెళ్లడం చూసే బయలుదేరాడు. ముక్కు ముందు పిల్ల కుందేళ్ల వాసన తప్ప అతనికి ఇంకేమీ తెలియడం లేదు. గాలి మరి కాస్త బలంగా కొట్టినప్పుడు ఆ వాసనలో ఇంకేదో కలిసింది. తల ఎత్తి చూశాడు. తోపు వైపు ఆకాశం కనపడలేదు. దాని బదులు నల్లటి గోడ, దాని కింద ఎర్రటి అంచు.

ఊళ వేయాలని నోరు తెరిచాడు. రాలేదు. వెనక్కి తిరిగి పాయలోనే పైకి పరుగెత్తాడు.

మంట ఎర్రచార దాకా వచ్చింది. వాగు వైపు ఆగింది. బండ వైపు ఆగింది. మట్టి అంచున నాలుక చాపి, పట్టుకోవడానికి ఏమీ లేక వెనక్కి వాలింది. మధ్యలో మాత్రం దానికి తెరిచిన వాకిలి దొరికింది.

జాజి చెవులు ఊళ కోసమే ఎదురు చూస్తూ ఉన్నాయి. వినపడింది ఊళ కాదు, గడ్డి చిటపట. ముగ్గురు పిల్లలూ ఆమె పొట్ట కింద ఉన్నారు. ఒకదాన్ని నోట కరుచుకుని ఎర్రచార మీదకి దూకింది. అక్కడ సూదమ్మ అప్పటికే బొరియలోంచి బయటకు వచ్చి ఉంది.

"ఇటు! ఇటు తే!"

జాజి పిల్లను ఆమె ముందు పెట్టింది. "పెద్దమ్మా, దీన్ని చూడు."

"మళ్లీ వెళ్లకు తల్లీ! అటు చూడు, దుబ్బు అంటుకుంది."

"ఇద్దరున్నారు," అంది జాజి. అంతే. అంత మామూలుగా అంది. తిరిగి గడ్డిలోకి వెళ్లింది.

సూదమ్మ ఆ పొగ వైపే చూస్తూ నిలబడింది. గడ్డి తెరుచుకోలేదు. వేడికి ముళ్ల కొసలు మాడుతుంటే పిల్లను ముట్టెతో నెట్టుకుంటూ లోపలికి దిగింది. లోపలి తడి మట్టితో గుమ్మం మూసింది. పిల్ల ఆమె గడ్డం కింద వణుకుతోంది. మట్టి అవతల మంట పైకి ఎక్కిపోయే చప్పుడు చాలాసేపు వినపడింది.

మంట పాయను పట్టుకుని గుట్ట ఎక్కింది. పైకి ఎక్కే మంటకు నక్క పరుగు ఒక లెక్కా? గంగులు ఒక పెద్ద రాయి వెనక పడిపోయాడు. ఒంటి వెంట్రుకలు కాలాయి, పాదాలు బొబ్బలెక్కాయి, ప్రాణం మిగిలింది. కళ్లు తెరిచేసరికి గుహ గుమ్మంలో పరుపుగడ్డి ఇంకా ఎర్రగా మండుతోంది. రాళ్లు కాలలేదు. రాళ్ల మధ్య పొగ నిండిపోయింది. పైడి పిల్లలను పొట్ట కింద దాచుకుని లోపలి గోడ వైపు ముఖం తిప్పి పడుకుని ఉంది. గంగులు ముట్టెతో ఆమె చెవి కదిపాడు. మళ్లీ కదిపాడు.

సాయంత్రానికి వాలంతా నల్లబడింది. ఆ నలుపులో ఎర్రటి మట్టి వలయాలు, వాటి నడుమ కోరయ్య మడుగు, కౌజుల పొదలు, సూదమ్మ బొరియ మిగిలాయి. దూదయ్య బూడిదలో తన పడక ఎక్కడుందో వెతుక్కుంటున్నాడు. దొరికాక అందులోనే కూలబడిపోయాడు.

సూదమ్మ బతికిన పిల్లను తీసుకొచ్చి అతని పక్కన పెట్టింది.

"దీన్ని నోట కరుచుకొచ్చి నాకిచ్చింది. మిగతావాళ్లకోసం వెళ్లింది," అంది.

దూదయ్య పిల్లను వాసన చూశాడు. దాని ఒంటి మీద తల్లి వాసన ఇంకా ఉంది. "పెద్దమ్మా, ఆ రోజు నేను అన్న మాట..."

"ఆ మాటకి నేను చేసింది తక్కువా? కోరయ్య చేస్తానన్నాడు. నేను వద్దన్నాను. నీ మీద కోపాన్ని ఆ ముక్కలో పెంచి పోషించాను. ఆ గడ్డి నీది మాత్రమే అనుకున్నాను నాయనా."

అంతలో కోరయ్య గుర్రుమన్నాడు. వాలు దిగి గంగులు కుంటుకుంటూ వస్తున్నాడు. వాగు వైపు వెళ్లాలంటే వాళ్ల ముందునుంచే వెళ్లాలి. కోరయ్య కోరలు వంచి అడ్డం నిలబడ్డాడు.

"ఊళ వేస్తానన్నావే!" అన్నాడు దూదయ్య. గొంతులో కోపం కూడా లేదు. "నేను వాగు దగ్గరే ఉన్నాను. వినపడుతుందని చెవులు నిక్కబొడుచుకునే మేశాను, పొగ చూసేసరికే దుబ్బు అంటుకుంది. ఎక్కడున్నావు?"

గంగులు తల దించుకున్నాడు. జీవితంలో మొదటిసారి అతనికి అబద్ధం అందలేదు.

"ఈ గడ్డిలోనే ఉన్నాను. నీ పిల్లలకోసం వచ్చాను. అందుకే గడ్డి ఉంచమన్నాను."

కోరయ్య ముందుకు కదిలాడు. సూదమ్మ ఆపింది.  గంగులు గుట్ట వైపు ఒకసారి చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఆ చూపు ఆమెకు తెలుసు.

"ఎందరు?" అని అడిగింది.

"అందరూ," అన్నాడు గంగులు.

దూదయ్య పిల్లను పొట్ట కిందకు లాక్కున్నాడు. "పోనివ్వండి. వాణ్ణి చంపితే జాజి వస్తుందా?"

కోరయ్య పక్కకు తప్పుకున్నాడు. గంగులు వాగులో నీళ్లు తాగి, కాలిన పాదాలు మడుగులో పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత వచ్చిన దారినే వెళ్లిపోయాడు. 

తొలకరి పడింది. మసి కింద నుంచి గడ్డి మునుపటికంటే పచ్చగా లేచింది. కొత్తగా చూసేవాళ్లకు అక్కడ ఏదో జరిగిందని కూడా తెలియదు. మళ్లీ చలికాలం పోయింది, మళ్లీ గడ్డి పండింది. ఈసారి సూదమ్మ ఎవరినీ పిలవలేదు. పిలవకముందే దూదయ్య తన పడక చుట్టూ ముందరి కాళ్లతో గీకుతున్నాడు. కుందేలు కాళ్లు ఆ పనికి చేసినవి కావు. గోళ్లు చిట్లాయి. సూదమ్మ వచ్చి పక్కన నిలబడి తవ్వడం మొదలుపెట్టింది. తర్వాత కోరయ్య వచ్చాడు, మంద వచ్చింది. ఎదిగిన పిల్ల కుందేలు పీకిన గడ్డిని వాగు దాకా మోసుకుపోయింది.

చీకటి పడబోతుండగా కౌజుపిట్ట ఒకటి గుట్ట వైపు చూపించింది. అందరూ తలలెత్తారు.

రాళ్లగుట్ట మీద గంగులు ఒక్కడే ఉన్నాడు. గుహ గుమ్మం ముందు వంగి, బొబ్బలు మానిన పాదాలతో గడ్డి పీకుతున్నాడు. ఒక్క పరక కూడా వదలడం లేదు. పీకినదాన్ని దూరంగా మోసుకెళ్లి పారేసి, మళ్లీ వచ్చి ఊడుస్తున్నాడు. లోపల ఎవరూ లేరు.

"పాపం, ఎవరికోసం?" అంది కౌజుపిట్ట.

 సూదమ్మ అటే చూసి, వంగి తన పని అందుకుంది.

నీతి: పక్కవాడి గుమ్మంలో ఎండుగడ్డి ఉన్నంతకాలం మన ఇల్లు కూడా నిప్పుకు అందేదే.